పద్నాలుగో నంబరు కారు

ఆ ఆదివారం పొద్దున డ్రైవరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కార్ల ర్యాలీలో బయలుదేరాలి, పన్నెండింటికి చేరవలసిన చోటికి చేరాలి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి గుమ్మం పక్కనున్న కొక్కేనికి కారు తాళం తలెత్తుకుని తగిలించాలి. ముప్ఫై ఏళ్ళు ఒకే దారిలో పద్నాలుగో నంబరు బస్సు నడిపి రిటైరైన మనిషికి ఇదొక లెక్కా?

లెక్కే. ఎందుకంటే కిందటి నెలలో ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికని బయలుదేరి బస్సు డిపోకి చేరారు. పదిహేను రోజుల తర్వాత భార్యను కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్తానని చెప్పి, ఆవిడనీ డిపోకే తీసుకెళ్ళారు. నీళ్ళ ట్యాంకు కూడలి రాగానే ఆయన చేతులు వాటంతటవే ఎడమకి తిరుగుతాయి. ఆ తర్వాత ఆయన ప్రమేయం ఏమీ ఉండదు.

"నాన్నా, ఇంక ఆ తాళం నాకిచ్చెయ్యండి. ఎక్కడికి కావాలన్నా నేను తీసుకెళ్తాగా" అంది కూతురు. ప్రేమగానే అంది. అందుకే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. కసిరితే తిరిగి కసరొచ్చు, ప్రేమగా అడిగితే ఏం చేస్తాం?

సరిగ్గా ఆ వారమే ఆమె ఆఫీసు గోడ మీద ఓ కాగితం అతికించారు. కొత్తవాళ్ళకి కార్ల ర్యాలీ. మామూలు కారు చాలు, అనుభవం అక్కర్లేదు, వేగం అసలే అక్కర్లేదు, ఇచ్చిన పుస్తకం చూసుకుంటూ దారి కనుక్కుని వెళ్తే చాలు. ఆ మాట ఇంట్లో చెప్పగానే డ్రైవరు గారు కుర్చీలోంచి లేచారు.

"నన్ను పంపించి చూడు. తప్పిపోతే అప్పుడడుగు తాళం."

"సరే, నా కారులో నేనూ వస్తాను. ఎంత తేలికో మీరే చూద్దురుగాని."

ఇద్దరి మధ్యా భార్య తీర్పు చెప్పింది. "దారి తప్పినవాళ్ళ తాళం నా బీరువాలోకి వస్తుంది. ఎవరైనా సరే ఒకటే రూలు. మళ్ళీ నా దగ్గరికి పేచీలు తేవద్దు."

పక్కన కూర్చుని దారి చెప్పడానికి ఇంకో మనిషి కావాలి. డ్రైవరు గారికి ఆ మనిషి ఎవరో వెతుక్కోనక్కర్లేదు. ఆయన బస్సులోనే ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేసి, ఆయనతో పాటే ఒకే రోజున రిటైరై, ఇప్పటికీ మెడలో విజిల్ తియ్యని స్నేహితుడు ఉన్నాడు కదా!

బయలుదేరే చోట తెల్లటోపీ పెట్టుకున్న నిర్వాహకుడు అందరి ఫోన్లూ కవర్లలో పెట్టి సీలు వేశాడు. పుస్తకం చేతికిచ్చి ఓపిగ్గా చెప్పాడు. "ప్రతి మలుపుకీ ఒక బొమ్మ ఉంటుందండీ. చుక్క దగ్గర మీరున్నట్టు, బాణం ఎటుంటే అటు వెళ్ళాలి. దారిలో చెట్లకీ స్తంభాలకీ అక్షరాల బోర్డులు కట్టాం, అవి రాసుకుంటూ రావాలి. సరాసరి వేగం ముప్ఫై ఆరు. మధ్యలో టైము ఎక్కడ చూస్తామో చెప్పం. ఆలస్యంగా వస్తే మార్కులు పోతాయి, ముందొచ్చినా పోతాయి."

డ్రైవరు గారూ కండక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలస్యమైతే మెమో, ముందొస్తే మెమో.

"ఇది మన ఉద్యోగమేనయ్యా!" అన్నారు డ్రైవరు గారు. పద్నాలుగో నంబరు ఆయన అడిగి మరీ తీసుకున్నారు. వెనకే పదిహేనో నంబరు కారులో కూతురు, పక్కన పుస్తకం పట్టుకుని ఆమె ఆఫీసు స్నేహితురాలు.

కండక్టరు వెళ్ళి వెనక సీట్లో తలుపు పక్కన కూర్చున్నాడు.

"దారి చెప్పేవాళ్ళు ముందు కూర్చుంటే బావుంటుందండీ" అన్నాడు టోపీ ఆయన.

"ముందు కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి బాబూ. నా చోటు ఇదే."

జెండా దిగింది. కారు కదల్లేదు. టోపీ ఆయన జెండా ఎత్తి మళ్ళీ దించాడు. అయినా కదల్లేదు.

"ఏమైందండీ? బండి స్టార్టు కాలేదా?"

"కండక్టరు విజిల్ వెయ్యాలి కదా" అన్నారు డ్రైవరు గారు, ఇదీ తెలీదా అన్నట్టు. వెనక నుంచి విజిల్ మోగింది. పద్నాలుగో నంబరు కారు కుదుపు లేకుండా కదిలింది.

మొదటి గంట అద్భుతంగా గడిచింది. ముప్ఫై ఆరు మీద నిలపడానికి డ్రైవరు గారికి మీటరు ముల్లు చూసే పనే లేదు, కాలే చెప్పేస్తుంది. కండక్టరు ఒక్క బోర్డు కూడా వదలకుండా రాశాడు. మొదటి తనిఖీ దగ్గరికి సెకను తేడా లేకుండా చేరారు. పోటీలో అలా చేరిన కారు మరొకటి లేదు. అక్కడి అమ్మాయి ఆశ్చర్యపోయి వెనకొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. "ఆ పద్నాలుగో నంబరు పెద్దాయన్ని చూశారా? ఎవరో ఆరితేరిన మనిషిలా ఉన్నారు." ఆ మాట నోటి నుంచి నోటికి పెరిగింది. రెండు కార్లు దాటేసరికి ఆయన దేశాలు తిరిగి గెలిచిన మనిషైపోయారు.

కొంప మునిగింది ఆ తర్వాతే. లెక్క చూసుకుంటే కారు రెండు నిమిషాలు ముందుంది. ముందుంటే ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగాలంటే డ్రైవరు గారికి తెలిసిన చోటు ఒక్కటే, బస్సు స్టాపు. అక్కడ కేకు డబ్బా పట్టుకుని ఒక టీచరమ్మా, బాగు చేయించిన గోడ గడియారం ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దమనిషీ అరగంట నుంచి బస్సు కోసం చూస్తున్నారు.

"అయ్యో, మీరా! పద్నాలుగో నంబరు డ్రైవరు గారు కదూ? దేవుడిలా వచ్చారు. ఆస్పత్రి దగ్గర దింపుతారా? మనవరాలికి నిన్ననే ఆపరేషనైంది, ఇవాళ దాని పుట్టినరోజు" అంది టీచరమ్మ.

ర్యాలీలో ఇద్దరు తప్ప ఇంకెవరూ కారెక్కకూడదు. ఆ సంగతి చెబుదామని డ్రైవరు గారు వెనక్కి తిరిగారు. ఈలోపే కండక్టరు తలుపు తెరిచి, "ఎక్కండమ్మా, లోపలికి జరగండి, తలుపు దగ్గర నిలబడొద్దు" అనేశాడు. నిలబడడానికి ఆ కారులో చోటే లేదన్న సంగతి అతనికి తట్టలేదు. టీచరమ్మ ఎక్కింది, గడియారమూ ఎక్కింది. కండక్టరు ఆ గడియారంలో టైము చూసుకుని విజిల్ వేశాడు.

వీళ్ళు ఆగి ఉండగానే వెనక మూడు కార్లు వచ్చి చేరాయి. ఆరితేరినవాడు ఆగాడంటే దానికో కారణం ఉండి తీరాలని వాళ్ళూ ఆగారు. పద్నాలుగు కదలగానే కదిలారు. కాసేపటికి నాలుగోది కూడా ఎక్కణ్ణుంచో వచ్చి వరస చివర చేరింది. డ్రైవరు గారు అద్దంలో చూసి సంతోషించారు. ఇంతమంది ఇటే వస్తున్నారంటే దారి సరైనదే అన్నమాట.

నీళ్ళ ట్యాంకు కూడలి వచ్చింది. పుస్తకంలో బాణం నేరుగా ముందుకే ఉంది.

"ఆస్పత్రికి ఎడమకి కదండీ" అంది టీచరమ్మ.

చెప్పే పనే లేకపోయింది. చేతులు అప్పటికే తిరిగిపోయాయి. వెనక నాలుగు కార్లూ తిరిగాయి.

"గురువుగారూ, పుస్తకంలో..." అన్నాడు కండక్టరు. అంతలో ఆస్పత్రి వచ్చేసింది. అతని పాత గొంతు పైకి లేచింది. "ఆస్పత్రి! ఆస్పత్రి వాళ్ళు దిగాలి!" టీచరమ్మ దీవించి దిగింది. గడియారం ఆయన మార్కెట్టు దగ్గర దిగాడు. ప్రతి స్టాపులోనూ కారు ఆగుతోంది, విజిల్ మోగుతోంది, కదులుతోంది. వెనకవాళ్ళు పుస్తకాలు మూసేశారు. ఇంత క్రమశిక్షణ గల మనిషి వెనక వెళ్తుంటే పుస్తకమెందుకు?

సరిగ్గా పన్నెండింటికి పెద్ద ఇనుప గేటు ఎదురైంది. "ఆదివారం కూడానా సార్?" అంటూ వాచ్‌మన్ గేటు తీశాడు. అయిదు కార్లు బారుగా డిపోలోకి వచ్చి, కడిగిన బస్సుల పక్కన ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి.

డ్రైవరు గారు ఇంజను ఆపి, చేతులు స్టీరింగు మీదే ఉంచి కూర్చుండిపోయారు. ఆ చేతుల్ని చూస్తే ఆయనకి కోపం రాలేదు, దిగులేసింది. నమ్మినవాళ్ళు మోసం చేస్తే ఎవరితో చెప్పుకుంటాం? ఇకనుంచి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా కూతురు ఖాళీ చూసుకుని అడగాలి.

"దిగండి గురువుగారూ" అన్నాడు కండక్టరు మెల్లగా. "ఆఖరి స్టాపు."

బయట గొడవ మొదలైంది. "ఇదేనా చివరి తనిఖీ?" "టోపీ ఆయన ఏడండీ?" "మనం పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాం?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఎవరికీ ఏ పేజీయో తెలియదు. వరస చివరనున్న కారు తలుపు తెరుచుకుంది. అందులోంచి కూతురు దిగింది, చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది.

"నువ్వేమిటమ్మా ఇక్కడ?"

"రెండో పేజీలోనే తప్పిపోయాం నాన్నా. గంటకు పైగా ఒక పార్కు చుట్టూనే తిరిగాం. మీ కారు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. మీరు ఎక్కడికెళ్తున్నారో మీకు తెలుసని వెనకే వచ్చాం."

"తెలీకేం? నేనెప్పుడూ వచ్చేది ఇక్కడికేగా!"

సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది. తాళాలు రెండూ బల్ల మీదున్నాయి. డ్రైవరు గారు తన తాళం వంక చూడలేక గోడ వంక చూస్తున్నారు. భార్య ముందు ఆయన్ని అడిగింది.

"మీరు ఎక్కడికి చేరారు?"

"డిపోకే" అన్నారాయన.

"అది డిపో అని మీకు తెలుసా?"

"భలేదానివే! ముప్ఫై ఏళ్ళు..."

"సరే" అని ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నీకు తెలుసటే?"

"బస్సులు కనిపించేదాకా అసలు ఏ పేటలో ఉన్నామో తెలీదమ్మా" అంది కూతురు.

"ఎక్కడున్నాడో తెలిసినవాడు దారి తప్పినట్టు కాదు" అంది ఆవిడ. ఒక తాళం తీసి కొక్కేనికి తగిలించింది. రెండోది బీరువాలో పెట్టింది.

"అమ్మా! రేపు నేను ఆఫీసుకెలా వెళ్ళాలి?"

"మీ నాన్న దింపుతారు."

డ్రైవరు గారికి కళ్ళు చెమర్చాయి. రాత్రే కారు తుడిచి పెట్టుకున్నారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, తలెత్తుకుని బయలుదేరారు.

ఆమె డిపోలో దిగి, బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళింది.