చుక్కలయ్యగారి అయిదువేళ్ల ముద్ర

ఒక పెద్ద అడవిలో ముందు చట్టం వెలిసింది, అది ఎవరికి తగులుతుందన్నది తర్వాత ఆలోచించారు. మనకిది కొత్తేమీ కాదు గనక నేరుగా కథలోకి వెళదాం.

ఆ అడవికి ఒక సభ ఉంది. సభకు అధ్యక్షుడిగా చిరుతే ఉండాలన్నది పాత ఆచారం. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగాల్సింది చిరుతనే మరి. ఆరేళ్లుగా మడుగు పక్కనున్న నున్నటి బండమీద చుక్కలయ్య అనే చిరుత కూర్చుని ఏలుతున్నాడు. పసుపుపచ్చని ఒళ్లు, ఒంటినిండా మచ్చలు. వాటిని రోజుకు మూడుసార్లు మడుగు నీళ్లలో చూసుకుని మురిసిపోయేవాడు.

ఆయనకు ఇంకో గొప్ప కూడా ఉంది. మామూలు చిరుత అడుగేస్తే నేలమీద నాలుగు వేళ్ల గుర్తు పడుతుంది. చుక్కలయ్య ముందుకాళ్లకు పుట్టుకతోనే ఒక్కో వేలు ఎక్కువ, ఆయన అడుగులో అయిదు పడతాయి. అందుకని సంతకం బదులు కాలు బురదలో ముంచి టేకాకు మీద అద్దేవాడు. అయిదువేళ్ల ముద్ర పడితేనే ఆ అడవిలో ఏ ఉత్తర్వైనా చెల్లుతుంది.

వానలు వెనకబట్టగానే ఎన్నికలు. ఎప్పుడూ ఏకగ్రీవమే. ఈసారి మాత్రం కాటుకయ్య అనే నల్లచిరుత పోటీకి దిగాడు. మొన్న ఎండాకాలం మడుగు ఎండిపోయినప్పుడు చుక్కలయ్య మడుగుకు సంతాపసభ పెట్టాడు. కాటుకయ్య నాలుగు అడవిపందులను వెంటేసుకుని ఏటి ఇసకలో చెలమ తవ్వించాడు. ఆ నీళ్లు తాగి బతికిన నోళ్లన్నీ ఇప్పుడు కాటుకయ్య పేరే చెబుతున్నాయి.

చుక్కలయ్యకు నిద్ర పట్టలేదు. కార్యదర్శిని పిలిపించాడు. కార్యదర్శి ఒక తొండ. ఎవరేం చెప్పినా తలాడించడం దాని పుట్టుగుణం, ఆ గుణమే అర్హతగా చూపించి కొలువు సంపాదించింది.

"ఏం చేద్దామంటావ్?" అన్నాడు చుక్కలయ్య.

"చిరుతే అధ్యక్షుడవ్వాలని ఆచారముంది కదండీ. చిరుత అంటే ఎవరో మనం రాసేసుకుంటే సరి," అంది తొండ.

"ఎవరని రాద్దాం?"

"ఒంటిమీద మచ్చలున్నవాడని!"

అలా వంశ నిర్ధారణ కార్యాలయం పుట్టింది. ఒక చీకటి గుహలో పెట్టారు. అధికారిగా అలుగును వేశారు. ఒంటినిండా పొలుసులు, ఎవరైనా ప్రశ్న అడిగితే చటుక్కున బంతిలా చుట్టుకుపోతుంది. ఆఫీసు నడపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాటుకయ్య వెళ్లి ధ్రువపత్రం అడిగాడు.

"జాతి?" అంది అలుగు.

"చిరుత. మా అమ్మా నాన్నా ఇద్దరూ మచ్చల చిరుతలే."

"మీకు మచ్చలు లేవు."

"ఉన్నాయండీ. నలుపులో కలిసిపోయి కనపడవు. ఓసారి ఎండలోకి రండి, చూపిస్తాను."

"ఎండలోకి రావడం నా ఉద్యోగంలో లేదు."

"మరి నేను చిరుతను కాకపోతే ఇంకెవర్ని?"

అది ప్రశ్న. అలుగు చుట్టుకుపోయింది. కాసేపటికి చుట్టలోంచే ఒక ఆకు బయటికొచ్చింది. దానిమీద 'జాతి: తెలియదు' అని ఉంది.

కాటుకయ్య పెద్దగా బాధపడలేదు. "సరే, మా చెల్లెల్ని నిలబెడతాను. దానికి నిఖార్సయిన మచ్చలున్నాయి," అన్నాడు. ఈ మాట బండ దాకా వచ్చేసరికి చుక్కలయ్య ఎగిరిపడ్డాడు. తొండ అప్పటికప్పుడు ఇంకో షరతు రాసింది. పైకి మచ్చలున్నా సరే, ఒంట్లో ఎక్కడ నలుపు దాగి ఉన్నా పదవికి అనర్హులు. ఇకమీదట నల్లపిల్ల పుడితే ఆ పిల్లనూ, ఆ నలుపు ఎవరి నుంచి వచ్చిందో వాళ్లనూ ఏరు దాటించాలి.

అప్పుడు ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఆ నీళ్లలో దిగి అవతలి గట్టెక్కినవాళ్లు లేరు. చుక్కలయ్య రెండోసారి చదవకుండా ముద్ర వేసేశాడు. ఇంట్లో భార్య వన్నెలమ్మకు నెలలు నిండి ఉన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

వారం తిరక్కుండా వన్నెలమ్మ ఇద్దరు పిల్లల్ని కన్నది. పెద్దవాడు పసుపుపచ్చగా, మచ్చలతో, అచ్చం కోరుకున్నట్టే ఉన్నాడు. రెండోది ఆడపిల్ల, కాటుక పూసినట్టు నల్లగా పుట్టింది.

చుక్కలయ్య పిల్లను చూశాడు. భార్యను చూశాడు. "ఎవరిది?" అన్నాడు.

"ఏమిటా మాట? మీదే," అంది వన్నెలమ్మ.

"మా వంశంలో ఏడు తరాలుగా నలుపు లేదు."

"ఏడు తరాలూ మీరు చూశారా?"

"మా నాన్న చెప్పాడు."

"మీ నాన్నగారు ఎన్ని చూశారు?"

జవాబు లేని మగాడికి కోపం వస్తుంది కదా, చుక్కలయ్యకూ వచ్చింది. విసవిసా బండ దగ్గరికి వెళ్లి తొండతో మొర పెట్టుకున్నాడు. ముందు పిల్లకు పసుపుపచ్చ మట్టి పూసి చూశారు. పూసినదంతా తల్లి ఒక్క పూటలో నాకేసింది.

"పోనీ ఇదీ మన మంచికేనండీ," అంది తొండ. "చట్టం కోసం సొంత పెళ్లాన్నే ఏరు దాటించాడంటే ఎంత పేరొస్తుంది! ఓట్లన్నీ మనవే."

చుక్కలయ్య మడుగులో తన మచ్చలు ఓసారి చూసుకున్నాడు. తర్వాత, "నోటీసు రాయి," అన్నాడు.

నోటీసు గడువు మూడు వారాలు. ఆ మూడు వారాలూ వన్నెలమ్మ ఏటి హోరు వింటూ పిల్లల్ని పొట్టకింద పెట్టుకుని పడుకుంది. తనకేమైనా ఫరవాలేదనుకుంది. కళ్లు కూడా సరిగా తెరవని ఆ పిల్లను తలుచుకుని మాత్రం అర్ధరాత్రి లేచి కూర్చునేది. చివరికి డిగ్రీ పిన్ని గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

డిగ్రీ పిన్ని అంటే ఒక తెల్లకుందేలు. పట్నంలో ఏదో కాలేజీ ప్రయోగశాలలో ఆరేళ్లు బోనులో ఉండి, ఒకనాడు తలుపు గడియ మరిచిపోతే పారిపోయి వచ్చింది. "ఏటా పిల్లలు మారేవాళ్లు గానీ పాఠం మారేది కాదమ్మా. పరీక్ష రాయనిచ్చి ఉంటే నేనే ఫస్టు," అని అందరికీ చెబుతుండేది.

చిరుత గుమ్మంలో నిలబడితే కుందేలు ఏమనుకోవాలో అదే అనుకుంది. ఏడుపు విన్నాక బొరియలోంచి బయటికొచ్చింది. "సభలో మాట్లాడతాను. నన్ను ఎవరూ తినకూడదని ముందు రాసివ్వాలి," అంది.

సభ రోజున అడవంతా మడుగు చుట్టూ చేరింది. బండమీద చుక్కలయ్య, ఆయన ముందు ముద్ర బురద, పక్కన ఏరు దాటించే ఉత్తర్వు రాసిన టేకాకు పెట్టి ఉన్నాయి. కింద వన్నెలమ్మ. తప్పటడుగులు నేర్చిన పిల్లలిద్దరూ అప్పుడే ఆమె కాళ్ల మధ్యనుంచి జారిపోయి ఆడుకుంటున్నారు.

కుందేలు గొంతు సవరించుకుంది. "మనందరి ఒంట్లో కంటికి కనపడనంత సన్నటి పోగులుంటాయి. వాటిని క్రోమోజోములంటారు. ఎప్పుడూ జంటలుగా ఉంటాయి. జంటలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఆ పోగులమీద వరసగా చీటీలు అంటించి ఉన్నాయనుకోండి. తోక ఇంతుండాలి, రంగు ఇలా ఉండాలి అని. అంటే రంగు సంగతి చెప్పడానికి ప్రతివాడికీ రెండు చీటీలు."

"రెండూ రెండు మాటలు చెబితేనో?" అన్నాడు వెనకనుంచి ఒక అడవిపంది.

"గట్టిగా అరిచేదాని మాట నెగ్గుతుంది, ఈ సభలో లాగే. చిరుతల్లో మచ్చల చీటీకి గొంతు పెద్దది. నలుపు చీటీ నోరు మెదపదు. అలాగని ఎక్కడికీ పోదు, తరాల తరబడి ఒక మూల కూర్చుంటుంది. అమ్మ దగ్గర్నుంచి ఒక మూగచీటీ, నాన్న దగ్గర్నుంచి ఒక మూగచీటీ ఒకే పిల్లలో కలిశాయా, ఇక అరిచేవాళ్లెవరూ లేరు. అప్పుడు పిల్ల నల్లగా పుడుతుంది. అలాంటి అమ్మానాన్నలకు నలుగురు పుడితే ఒకరు అలా ఉండొచ్చు. ఇద్దరైనా ఉండొచ్చు, అసలు ఉండకపోనూ వచ్చు. అది చీటీలు తీసినవాళ్ల అదృష్టం."

కాటుకయ్య నోరు తెరుచుకుని విన్నాడు. తన తల్లి ఇన్నేళ్లు పడ్డ నిందకు సమాధానం అంత చిన్నదని అతనికి ఆవేళే తెలిసింది.

చుక్కలయ్య తక్కువవాడేం కాదు. "బాగుంది! ఆ రెండో మూగచీటీ కాటుకయ్యది ఎందుకు కాకూడదు?" అన్నాడు.

కుందేలు చెవులు వాల్చేసింది. "కావచ్చు. చదువుకున్నదాన్ని, అబద్ధం ఆడలేను. ఒక్క రంగును బట్టి తండ్రెవరో తేలదు," అంది.

వన్నెలమ్మ కళ్లముందు ఏరే కనపడింది. తొండ తలాడించడం మొదలుపెట్టింది. చుక్కలయ్య ముద్ర వేద్దామని కాలెత్తాడు.

కానీ అక్కడ టేకాకు మీద అప్పటికే ముద్ర ఉంది. నల్లపిల్ల ఎప్పుడు బండెక్కిందో, బురదలో కాలు పెట్టి ఉత్తర్వు మీదుగా అటునుంచి ఇటు నడిచి వెళ్లిపోయింది.

"ఆగండాగండి," అని కుందేలు ఒక్క దూకులో బండెక్కి ఆకును వాసన చూసేంత దగ్గరగా చూసింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదు!"

సభంతా లేచి నిలబడింది. వన్నెలమ్మ చేత అడుగు వేయించారు, నాలుగే. కాటుకయ్య చేత వేయించారు, నాలుగే. మచ్చల పిల్లవాడి చేత కూడా వేయించారు. పాపం వాడికీ నాలుగే!

"ఈ వేలు చీటీకి గొంతు పెద్దది, ఒక్కటున్నా చాలు పైకి కనపడి తీరుతుంది," అంది కుందేలు. "తల్లికి లేదు, కాటుకయ్యకు లేదు. ఈ అడవిలో ఆ వేలున్నది ఒక్కరికే. అధ్యక్షులవారూ, ఈ పిల్ల మీదే. పిల్ల మీదైతే ఒంట్లో ఉన్న నలుపులో ఒక చీటీ కూడా మీదే."

అలుగు చుట్ట విప్పుకుని వచ్చింది. ఉద్యోగంలో చేరాక అది తనంతట తాను కదలడం అదే మొదటిసారి. "ఉత్తర్వు మీద ముద్ర పడింది. నలుపు ఎవరి నుంచి వచ్చిందో వాళ్లు ఏరు దాటాలి. అంటే వన్నెలమ్మగారూ, పిల్లా, తమరూ," అంది.

చుక్కలయ్య లోపల లెక్క వేసుకున్నాడు. పిల్ల నాది కాదంటే, ఆ వేలున్నవాడు అడవిలో ఇంకొకడున్నట్టే. అప్పుడు ఆరేళ్ల ఉత్తర్వులు ఎవడి కాలితో పడ్డాయని అడుగుతారు. నాదే అంటే ఎదురుగా ఏరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నాదే! నా బంగారు తల్లి! నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నాడు చివరికి. తర్వాత తొండ చెవిలో, "ఏదో ఒకటి చెయ్యవే!" అన్నాడు.

తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని ఊరికే అనలేదు. చకచకా కొత్త ఆకు మీద రాసి గట్టిగా చదివింది. "నలుపు అనేది చిరుతజాతి మూలధనం. నేటినుంచి ఒంట్లో నలుపు చీటీ ఉన్నవారే అసలైన చిరుతలు. వారే పదవికి అర్హులు. ఏరు దాటించే షరతు రద్దు."

"భేష్!" అని చుక్కలయ్య ముద్ర గుద్దేశాడు. మళ్లీ రెండోసారి చదవలేదు.

"చాలా సంతోషం," అంది కుందేలు. "మీకు నలుపు చీటీ ఒకటి. కాటుకయ్యకు రెండు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. అలుగు గంభీరంగా లెక్క వేసింది. "రెండున్నవారు ఉండగా ఒకటున్నవారి దరఖాస్తు పరిశీలించడం కుదరదు," అని చెప్పి, ఇంకెవరూ ప్రశ్న అడక్కముందే చుట్టుకుపోయింది.

అలా కాటుకయ్య పోటీ లేకుండా అధ్యక్షుడయ్యాడు. ఆఫీసు మూసేస్తాడని అందరూ అనుకున్నారు గానీ మూయలేదు. ఉద్యోగులున్నారు కదా. పైగా నాలుగో రోజున తనే గుహకు వెళ్లి, రెండు చీటీల చిరుత అని ధ్రువపత్రం రాయించుకుని బండమీద పెట్టుకున్నాడు.

చుక్కలయ్య తోక ఈడ్చుకుంటూ వన్నెలమ్మ దగ్గరికి వెళ్లాడు. "ఇంటికి పద," అన్నాడు.

"ఏరు అంత ఉరవడిగా పారుతుంటే, ఈ పసిదాన్ని నోట కరుచుకుని నన్ను దాటమన్నారు," అంది వన్నెలమ్మ. "మీ వేలు దీనికి రాకపోయుంటే ఈపాటికి మేం ఎక్కడుండేవాళ్లం? నా మాట నమ్మడానికి మీకు వేలు కావాల్సి వచ్చింది. చూడాలనిపిస్తే రండి, చూసి వెళ్లండి. ఇంటికి మాత్రం నేను రాను."

ఏరు తగ్గాక ఆమె పిల్లలతో చెలమ దగ్గర గట్టుమీద కాపురం పెట్టింది. చుక్కలయ్య రోజూ వచ్చి అవతలి గట్టున కూర్చునేవాడు. ఒకరోజు ఏటవాలు ఎండలో నల్లపిల్ల ఒళ్లు విరుచుకుంది. నలుపు అడుగునుంచి మచ్చలు ఒక్కొక్కటే తేలాయి, మెడనుంచి తోకదాకా, లెక్కలేనన్ని. చుక్కలయ్య మచ్చలకన్నా అవే అందంగా ఉన్నాయి. ఆయన అటే చూస్తుండిపోయి, మడుగులో తన నీడ చూసుకోవడం ఆవేళ మరిచిపోయాడు.

నీతి: వంశాలమీద చట్టం చేసేవాడు, ముందు తన ఇంట్లో పురుళ్లన్నీ అయిపోయాయో లేదో కనుక్కోవాలి.