టోకెన్ ఉంటేనే ఓటు!

అందరికీ ఓటు ఇవ్వబట్టే ఈ దేశం ఇలా తగలడింది! నమ్మరా? అయితే కర్ణాటకలో మూతపడ్డ బంగారు గనుల ఊరు మా కేజీఎఫ్‌లోని అఖిల భారత మాజీ గని కుటుంబాల సంఘానికి జాతీయ అధ్యక్షుడైన పురుషోత్తమ్ గారి చరిత్ర చిత్తగించండి.

జాతీయమంటే జాతీయమే. సభ్యులంతా ఒకే లైను క్వార్టర్సులో ఉంటారు, నిజమే. కానీ సభ్యుల్లో ఒకడైన ఎల్లప్ప కూతురింటికని చిత్తూరు వెళ్లి అక్కడే ఉండిపోయాడు కదా! రెండు రాష్ట్రాలు చాలవూ?

సంఘానికున్న ఏకైక అధికారం, నీళ్ల ట్యాంకరు ఎక్కడ ఆగాలో చెప్పడం. అది అధ్యక్షుల వారి గుమ్మం ముందే ఆగుతుంది. లైను చివరనుండే చిన్నవెంకటమ్మ అరిగిన మోకాళ్లతో, బిందెతో వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ. ఈసారి ఎన్నికల్లో ఆయన్ని దించేస్తామని చివరిళ్ల ఆడవాళ్లు అన్నారు. పాపం, పెద్దాయన మనసు ఎంత నొచ్చుకుందో!

వెంటనే సంస్కరణలకు నడుం కట్టాడు. రహస్య ఓటు రద్దు. అయినవాళ్ల మధ్య దాపరికమేమిటి, చేతులెత్తండి! పోలింగు పనిరోజున, పొద్దెక్కాక. కుర్రకారంతా అప్పటికే బెంగళూరు రైలెక్కేసి ఉంటారు, వాళ్లకెందుకీ శ్రమ? ఇక అన్నిటికీ తలమానికం: గనిలోకి దిగేటప్పుడు ఇచ్చే ఇత్తడి టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే ఓటు. ఇంకో ప్రశ్న లేదు! ఆడవాళ్లు గనిలోకి ఎప్పుడు దిగారు గనక? ఆహా, ఏం బుర్ర!

పోలింగు నాడు "టోకెన్లు తీయండప్పా!" అని గర్జించాడు. మగవాళ్లు జేబులు తడుముకున్నారు. ఆయనా తడుముకున్నాడు.

"యాడుంటాదన్నా?" అన్నాడు ఆయనతో పాటు గనిలో దిగిన మునేష్. "షిఫ్టు అయి పైకొస్తానే ఆఫీసు కిటికీలో ఇచ్చేస్తా ఉంటిమి కదా. నువ్వూ ఇచ్చేసినావు."

చిన్నవెంకటమ్మ చెంగు ముడి విప్పింది. పక్కనే చివరిళ్ల రామక్క, జెసింతా కూడా విప్పారు. ముగ్గురి చేతుల్లోనూ ఇత్తడి బిళ్లలు.

"మావోళ్లు ప్రాణాలతో పైకి రాలేదు కదప్పా," అంది చిన్నవెంకటమ్మ. "శవంతో పాటు ఇది ఇచ్చినారు."

చట్టం ప్రకారం ఓటున్నవాళ్లు ఆ ముగ్గురే. చేతులెత్తారు, అయిపోయింది.

ఇప్పుడు ట్యాంకరు లైను చివర ఆగుతోంది. మాజీ జాతీయ అధ్యక్షుల వారు బిందె పట్టుకుని క్యూలో నిలబడి, ఓటు ప్రతి మనిషికీ జన్మహక్కని రోజూ ఉపన్యాసం దంచుతున్నారు. చిన్నవెంకటమ్మ అంతా విని, పైపు ఆయన బిందెలో పెట్టింది.

"ఓటుకు నువ్వు టోకెన్ అడిగినావు. నీళ్లకు మేము ఏమీ అడగములే, పట్టుకోప్పా."