రెండు ముక్కల్లో సినిమా

తూనికలు కొలతల శాఖ సిబ్బందికీ, వారి కుటుంబాలకూ గత ఆరేళ్లుగా సినిమా చూడవలసిన అవసరం లేకుండా పోయింది. ఆ శ్రమనంతా శాఖలోని ఒక ఇన్‌స్పెక్టరు స్వచ్ఛందంగా తన నెత్తిన వేసుకున్నాడు. ప్రతి ఆదివారం మ్యాట్నీకి వెళ్లి, చూసిన సినిమా మీద సరిగ్గా రెండు వాక్యాల అభిప్రాయం సిబ్బంది కుటుంబాల ఫోన్ గ్రూపులో పెట్టేవాడు. మిగతావారు వారమంతా ఆ రెండు వాక్యాలనే తమ సొంత అభిప్రాయంగా వాడుకునేవారు. సెకండాఫ్ సాగిందని ఆయన రాస్తే, టికెట్టు కొనని పాతిక కుటుంబాలు సెకండాఫ్ ధాటికి తట్టుకోలేక నీరసించిపోయేవి. ఆయనకు రెండు ముక్కలాయన అని పేరు పడింది.

ఉద్యోగంలోనూ ఆయన అంతే. కొట్లో కాటా మీద తూకం రాయి పెట్టి, ముల్లు ఊగుతుండగానే తీర్పు చెప్పి ముద్ర వేసేయడంలో దిట్ట. ముల్లు నిలబడేదాకా ఆగితే ఇక ఉద్యోగం చేసినట్టే అని కొత్తగా చేరినవాళ్లకు బోధించేవాడు.

సినిమాల విషయంలోనూ అదే పద్ధతి. ప్రకటనల బాధ తప్పించుకోవడానికి పది నిమిషాలు ఆలస్యంగా హాల్లోకి వెళ్లేవాడు. అభిప్రాయం అందరికంటే ముందు పెట్టడానికి పావుగంట ముందే బయటికొచ్చేవాడు. ఆరేళ్లలో ఏ సినిమాకూ మొదలు గానీ చివర గానీ చూసిన పాపాన పోలేదు. ఆయన అభిప్రాయాల్లో అంత స్పష్టత ఉండడానికి కారణం అదేనని పెద్దలు తేల్చారు.

ఇలా ఉండగా శాఖ కంట్రోలరుగారి అల్లుడు ఒక సినిమా తీశాడు. నాలుగేళ్లుగా నలుగుతున్న ఇన్‌స్పెక్టరుగారి ప్రమోషన్ ఫైలు కూడా అదే వారం కంట్రోలరుగారి బల్ల మీదికి చేరింది. పెద్దాయన ఆయన్ని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, గొంతు సవరించుకున్నారు.

"చూడవయ్యా, కళ విషయంలో ఒత్తిడి తెచ్చే మనిషిని కాను నేను. అల్లుడి సినిమా అని మొహమాటపడకు. నీ మనసుకు ఏది తోస్తే అది నిర్భయంగా రాయి. నీ ఫైలు కూడా నేను అలాగే, మనసుకు తోచినట్టే చూస్తాను."

అంతటి స్వేచ్ఛను మోయడం ఒక్కడివల్ల కాదనిపించి, ఆ ఆదివారం ఆయన భార్యను కూడా వెంటబెట్టుకెళ్లాడు. నాలుగు హాళ్లున్న భవనం అది. ఆమె టికెట్లు పట్టుకుని పాప్‌కార్న్ వరసలో నిలబడితే, "నువ్వు మెల్లగా రా, పది నిమిషాలు దాటిపోతున్నాయి" అని ఆయన చీకట్లోకి దూరిపోయాడు. రెండో హాలు బదులు మూడో హాల్లో దూరాడు. పేర్లు అప్పటికే అయిపోయాయి కాబట్టి తెర మీద ఉన్నది ఏ సినిమానో తెలిసే వీల్లేదు. పక్క సీటు ఖాళీగా ఉంటే, వరస ఇంకా కదల్లేదేమోననుకున్నాడు. రెండో హాల్లో ఆమె కూడా పక్క సీటు ఖాళీగా చూసింది. మొగుడి అలవాటు తెలిసిందే కనుక, ఈసారి మరీ ముందుగా వెళ్లిపోయాడనుకుని స్థిమితంగా సినిమా చూసింది.

ఆమె ఇంకా హాల్లో ఉండగానే గ్రూపులో అభిప్రాయం వెలువడింది: "తల్లి పాత్ర కంటతడి పెట్టించింది. రైలు మీద ఫైటు చూసి తీరాలి."

క్షణాల్లో బొటనవేళ్లు వరసకట్టాయి. రికార్డుల విభాగం సూపరింటెండెంటు ఇంటిల్లిపాదీ రైలు దగ్గర ఊపిరి బిగబట్టామని రాశాడు. కంట్రోలరుగారు తల్లి పాత్రలో తన తల్లిని చూసుకున్నట్టు ప్రకటించారు.

భార్య ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగింది.

"ఏవండీ, అందులో తల్లీ లేదు, రైలూ లేదు. ఒక ముసలాయనా, ఒక కుర్రాడూ గదికి రంగు వేస్తూనే ఉంటారు. రంగు డబ్బా ఒలికిపోతే ఇంటర్వెల్. మీరెక్కడ కూర్చున్నారు?"

ఆమె చేతిలోని టికెట్ల మీద రెండో హాలు అని చూసి ఆయన మంచం మీద కూలబడ్డాడు. నాలుగేళ్ల ఫైలు కళ్ల ముందు గిర్రున తిరిగింది. అంతలో ఫోన్ మోగింది. అవతల అల్లుడుగారు.

"సార్, నా సినిమాలో తల్లి ఎక్కడా కనిపించదు. కనిపించని ఆ తల్లిని మీరొక్కరే చూశారు. ఆ గోడల వెనక నేను దాచుకున్న రైలు కూడా మీకు వినిపించింది. ఎలా పట్టుకున్నారు సార్?"

"ఏదో, అలా తట్టింది బాబూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు వినయంగా.

సోమవారం మధ్యాహ్నం సూపరింటెండెంటు భార్య గ్రూపులో, "మీరూ వెళ్లారట కదా వదినా, మీరూ రెండు ముక్కలు చెప్పండి" అని అడిగింది. ఆరేళ్లలో ఇన్‌స్పెక్టరు భార్యను ఒకరు అభిప్రాయం అడగడం అదే మొదలు. ఆవిడ పొయ్యి ఆపేసి, గంటసేపు కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసి, పెట్టింది: "సినిమా పూర్తిగా చూశాను. చాలాచోట్ల విసుగొచ్చింది. కానీ చివర్లో ముసలాయన తడి ఆరని గోడకు చెయ్యి ఆనించి నిలబడితే ఏడుపు ఆగలేదు. తల్లి, రైలు మాత్రం లేవు."

సూపరింటెండెంటు మర్యాదగా అడిగాడు: "మేడమ్, క్షమించాలి. మీరు అసలు సినిమా చూశారా?"

ఆ ప్రశ్న కింద టపటపా ముప్పై అయిదు బొటనవేళ్లు పడ్డాయి. ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఫోన్ వంక చూశాడు. అద్దాల తలుపు అవతల కంట్రోలరుగారు ఫైలు తెరిచి, కలం మూత తీస్తున్నారు. బొటనవేలు ఎవరు నొక్కారో గ్రూపులో పేరుతో సహా కనిపిస్తుందని ఇన్‌స్పెక్టరుకు తెలుసు. ఇంట్లో భార్య అప్పుడు ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంటుందనీ తెలుసు. సిగ్గేసింది. అయినా నొక్కాడు.

సాయంత్రానికి ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. అభినందించడానికి సిబ్బంది సకుటుంబంగా ఇంటికి వచ్చారు. ఆమె అందరికీ టీ ఇచ్చింది. కంట్రోలరుగారు కప్పు అందుకుంటూ, ఆమె మేలు కోరి ఒక సలహా ఇచ్చారు.

"ఈసారి మీ ఆయన పక్కనే కూర్చుని చూడమ్మా. సినిమా ఎలా చూడాలో తెలుస్తుంది."

అందరూ తలలూపారు. కొత్త అసిస్టెంట్ కంట్రోలరు కూడా ఊపాడు.