సలోమి కాలికి తగలని పడవ

"ఈ సికింద్రాబాద్‌లో నేరం అనేది ఇంకా మిగిలి ఉందంటే కారణం ఒకటే, దేవానందం. మధ్యాహ్నం భోజనం చేసి నేను పడుకుంటాను. ఆ కాస్త సమయంలోనే వాళ్లు పని కానిచ్చేసుకుంటున్నారు."

ఆర్థర్ ఈ మాట వరండాలో బోర్లా పడుకుని, భూతద్దంలోంచి ఒక కాకి రెట్టని పరిశీలిస్తూ అన్నాడు. పక్కనే నిలబడ్డ దేవానందానికి ఏడుపు ఒక్కటే తక్కువ. ఆర్థర్ ఆయన భార్య సలోమికి సొంత అన్న. ఉద్యోగమంతా రైల్వేలో, ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్ల ఆఫీసులో చేశాడు. అన్నేళ్లలోనూ ఒకే ఒక్క గొడుగు సరైన మనిషికి చేర్చాడు. అది ఆయన సొంత గొడుగే. రిటైరయ్యాక డిటెక్టివ్ పుస్తకాలు చదివి, చదివి, తనలో ఒక మహా అపరాధ పరిశోధకుడు నిద్రపోతున్నాడని కనిపెట్టాడు. ఆయన కనిపెట్టిన మొదటి సంగతీ, చివరి సంగతీ అదే.

ఇప్పుడు పోయింది పడవ.

నిరుడు తిరుమలగిరి నుంచి సముద్రాలు దాటి తన సీమకి వెళ్లిపోతూ ఒక మిలిటరీ దొర, తన సామానంతా ఓపిగ్గా ప్యాక్ చేయించి రైలెక్కించిన దేవానందానికి దాన్ని బహుమతిగా ఇచ్చాడు. వెదురుబద్ద లాంటి సన్న పడవ. చెక్క బద్దల మీద కాన్వాసు గుడ్డ బిగించి ఉంటుంది. దొరలు దాన్ని కయాక్ అనేవాళ్లు. సర్దుకుంటే ఇద్దరు కూర్చోవచ్చు. హుస్సేన్ సాగర్‌లో సాయంత్రం పూట సలోమిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తెడ్డు వెయ్యాలని దేవానందం కోరిక. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెని తను పనిచేసే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూతకి తప్ప ఇంకే సరదాకీ దగ్గరగా తీసుకెళ్లలేదాయన.

పడవైతే వచ్చింది గాని, ఇంట్లో పెట్టే చోటేదీ? ముందు మంచం కింద తోశాడు. రెండు కొసలూ బయటికి పొడుచుకొచ్చి, తెల్లారి లేచిన సలోమి బొటనవేలు వాచింది. స్నానాలగదిలో నిలబెడితే అది నీళ్ల కాగు మీద వాలి, అక్కడి నుంచి సలోమి పాదం మీద వాలింది. పాత సైకిలు ట్యూబులు కోసి హాల్లో గోడకి కడితే, ఆ ట్యూబులు సాగి సాగి, ప్రార్థన కూటం మధ్యలో పాస్టరు గారి ఒళ్లోకి పసిబిడ్డలా దిగింది. చివరికి వరండాలో రెండు బల్లల మీద బోర్లించాడు. పక్కింటి కోడి దాని కింద కాపురం పెట్టింది.

ఊళ్లో గొడవలు ముదిరినప్పుడు సలోమిని బెజవాడలో పిన్నిగారింటికి పంపించారు. రైలు పెట్టెలో కూర్చుని ఆమె చెప్పిన మాట దేవానందం చెవిలోనే ఉంది.

"నేను తిరిగొచ్చేసరికి ఆ పడవకో చోటు చూడండి. అది నా కాలికి తగలకుండా ఉంటే, ఒక్కసారి ఎక్కుతాను. తగిలిందో, పొయ్యిలోకే."

ఎక్కుతానని ఆమె అనడం అదే మొదలు. దేవానందం ఆ సాయంత్రమే మారేడ్‌పల్లి వడ్రంగి బ్రహ్మచారి దగ్గరికి పోయి గోడకి గట్టి మేకులేవైనా కొట్టమని బతిమాలాడు. "జాగ నేను జూస్త సారు, మీరు పరేషాన్ గాకున్రి," అన్నాడు బ్రహ్మచారి. అని ఊరుకున్నాడు, మళ్లీ కనబడలేదు. ఇంతలో మిలిటరీ రానే వచ్చింది. పోలీస్ యాక్షన్ అని పేపర్లు రాశాయి. ఆ రోజుల్లో దేవానందం వర్క్‌షాపులోనే చిక్కుకుపోయాడు. అంతా సద్దుమణిగి ఇంటికొచ్చి చూస్తే బల్లలున్నాయి, కోడి ఉంది, పడవ లేదు. బ్రహ్మచారినైనా అడుగుదామంటే, అతను వాళ్ల అక్క ఎట్లా ఉందో చూడ్డానికి భువనగిరి వెళ్లాడట.

ఆదివారం పొద్దున సలోమి దిగుతుంది.

"సాక్ష్యం నంబరు ఒకటి," అంటూ ఆర్థర్ హాల్లో నేల మీంచి చెక్కపొట్టు ఏరి అగ్గిపెట్టెలో వేసుకున్నాడు. తర్వాత ఒక తాడు పీచు దొరికింది. రెండింటినీ వాసన చూసి, కళ్లు మూసుకుని, దీని వెనక అంతర్జాతీయ హస్తం ఉందన్నాడు. తలకి ముప్పొచ్చిన నవాబొకడు ఈ పడవ మీద హుస్సేన్ సాగర్ దాటి, మూసీలో పడి, మూసీ నుంచి కృష్ణలోకి, కృష్ణ నుంచి సముద్రంలోకి, అట్నుంచి కరాచీకి పారిపోతున్నాడట.

"మూసీలో మోకాలి లోతు నీళ్లు లేవు, బావా," అన్నాడు దేవానందం.

"అందుకే ఎవరికీ అనుమానం రాదు."

పక్కింటి దేవమ్మని విచారిస్తే ఆవిడ చేట కింద పెట్టకుండానే జవాబిచ్చింది. పైన విమానాలు తిరుగుతుంటే తలుపులు బిగించుకుని మంచం కింద దూరామనీ, మంచం కింద నుంచి పడవలు కనబడవనీ చెప్పింది. ఆర్థర్ గంభీరంగా తలూపి, ఈమె ఏదో దాస్తోందన్నాడు.

తర్వాత అనుమానం పాల వ్యాపారి పర్వతాలు మీదికి పోయింది. అతని బర్రెల కొట్టంలో గోనెపట్టా కప్పిన పొడుగాటి వస్తువేదో ఉందట. ఆర్థర్ దేవానందాన్ని వెనకాల రమ్మని సైగ చేసి, చిరుతలా పాకుతూ కొట్టంలోకి దూరాడు. పట్టా లాగాడు. పట్టాతోపాటు తనూ లోపలికి పోయాడు. అది కుడితి తొట్టి. ఆయన మెడ దాకా తవుడు నీళ్లతో పైకి లేస్తే, ఒక బర్రె ఆప్యాయంగా చెవి నాకింది.

పర్వతాలు చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తూ, "గిదేం తక్లీఫ్ సారు. ఆకలైతే ఇంట్లకొచ్చి అడగొద్దా," అన్నాడు.

దేవానందం ఆ రాత్రి అన్నం తినలేదు. పడవ పోయిందన్న బాధ ఒకెత్తు. ఎక్కుతానన్న మనిషి మాట గాల్లో కలిసిపోతుందే అన్న బాధ ఇంకొకెత్తు. సలోమి మళ్లీ అనదు. ఆయన ఎరుగును.

ఆదివారం రైలు ఆలస్యంగా వచ్చింది. సలోమి ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆర్థర్ హాల్లో కుర్చీలు వేసి, దేవమ్మనీ పర్వతాలునీ కూర్చోబెట్టి, తనకి మాత్రం నడిమధ్యన వాలుకుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమె చేతిలో ఊరగాయ జాడీ దింపకముందే పడవ సంగతి చెప్పేశాడు. సలోమి భర్త మొహంకేసి చూసింది. ఆయన నేలకేసి చూశాడు. ఆమె జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు," అన్నాడు ఆర్థర్. "పడవ మాత్రం ఇక్కడ లేదు. ఈపాటికి సముద్రంలో ఉంటుంది."

కరెంటు లేదు. టేబుల్ ఫ్యాను చచ్చి పడి ఉంది. నవాబు కథ మళ్లీ ఎత్తుకున్న ఆర్థర్‌కి, అందులో మూసీ దాటేసరికే చెమటలు పట్టాయి. పైన దొరల కాలం నాటి పంకా ఉంది. ఒకప్పుడు బయట కూర్చుని నౌకరు తాడు లాగితే దూలం, దానికి వేలాడే గుడ్డ ఊగి గాలొచ్చేది. ఆ ఇంటికి కరెంటొచ్చాక దాని వైపు ఎవరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు.

మహా పరిశోధకులు ఇలాంటి సమయంలోనే ఆలోచనకి పదును పెడతారని చెప్పి, ఆర్థర్ గోడ పక్కన వేలాడుతున్న తాడు అందుకుని, పాత నౌకర్ల పద్ధతిలో కాలి బొటనవేలికి చుట్టుకున్నాడు. ఓసారి లాగాడు. పంకా కదల్లేదు. ఇంకోసారి లాగాడు. కిర్రుమంది.

"అన్నయ్యా, తుప్పు పట్టి ఉంటుంది, వదిలెయ్," అంది సలోమి.

"పట్టు వదలని వాడే పరిశోధకుడు," అంటూ ఆర్థర్ రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, ఉన్న బలమంతా ఆ బొటనవేల్లోకి తెచ్చి తన్నాడు.

పైన ముడి జారింది. పాతగుడ్డ దుమ్ముతో సహా ఆయన మీద పడింది. దాని వెనకాలే, తాళ్ల మీద మెల్లగా, ఎంతో మర్యాదగా, పడవ ముక్కు దిగివచ్చి ఆయన నడినెత్తిన ఠప్పున తట్టి, అక్కడే ఆగిపోయి ఊగుతూ నిలబడింది.

 గుడ్డ కింద నుంచి ఒక దగ్గు వినిపించింది.

దేవానందం తలెత్తి చూశాడు. పంకా దూలం తీసేసి, అవే కొక్కేలకి, అవే కప్పీలకి, పడవని బోర్లా వేలాడదీసి, పాత గుడ్డనే దానికి చుట్టబెట్టారెవరో. తాడు లాగితే దిగేలా జారుముడి. జాగ నేను చూస్తానన్న మనిషి ఊరికే ఊరుకోలేదు. గడబిడ రోజుల్లో వరండాలో ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారని, వీధి వీధంతా ఎరిగిన పూలకుండీ కింది తాళంచెవి తీసుకుని వచ్చి, కట్టి, మళ్లీ కుండీ కిందే పెట్టి వెళ్లాడు.

"మా బ్రహ్మచారి పనే గది," అంది దేవమ్మ. "అందరు గోడలే జూస్తిరి, పైకి జూసెటోడు వాడొక్కడే."

ఆర్థర్ గుడ్డలోంచి తల బయటపెట్టి, నెత్తి తడుముకుంటూ, పడవ ఇక్కడే ఉందని తనకి మొదట్నుంచీ తెలుసనీ, దొంగ తొందరపడి బయటపడాలనే కరాచీ మాట ఎత్తాననీ అన్నాడు. పర్వతాలు లేచి ఆయన భుజాన ఇంకా అంటుకున్న తవుడు దులిపాడు.

సలోమి పడవని చూసింది. తన పాదాల్ని చూసుకుంది.

"నా కాలికైతే తగల్లేదు," అంది.

 ఆమె జాడీ తీసుకుని, నవ్వు కనబడకుండా పెరటి వైపు నడిచింది.

"ఆగండి," అన్నాడు ఆర్థర్, భూతద్దం మళ్లీ తీస్తూ. "పడవ కేసు ముగించాను. కాని అసలు కేసు ఇప్పుడే మొదలైంది. ఇక్కడుండాల్సిన పంకా దూలం ఏమైంది? ఎవరు, ఎందుకు, ఏ దేశానికి..."

పెరటి గుమ్మంలో ధనామని చప్పుడైంది. జాడీ మూత దొర్లుకుంటూ హాల్లోకి వచ్చింది.

"ఏవండీ," అని సలోమి గొంతు నిదానంగా వినిపించింది, "పంకా దూలం దొరికింది."

"ఎక్కడ?" అని అడిగాడు దేవానందం, జవాబు తెలిసే.

"నా కాలి కింద. పర్లేదు లెండి, పడవెక్కుతాను. దీన్ని మాత్రం పొయ్యిలో పెట్టండి."

ఆర్థర్ తృప్తిగా వాలుకుర్చీలో వెనక్కి వాలాడు. ఒకే పూట రెండు కేసులు తేల్చిన మనిషి ఈ సికింద్రాబాద్‌లో ఇంకొకడు లేడు.