వాసన రాని బనీను

తూనికలు, కొలతల శాఖ డైరెక్టరుగారు ఒక చలిదేశంలో వారం రోజులు జరగబోయే కచ్చితత్వ సదస్సుకు ఎంపికయ్యారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. వెంట్రుకవాసి తేడాను కూడా క్షమించని శాఖ అది. దానికి అధిపతిగా ఉండటానికీ, సదస్సులకు వెళ్లడానికీ కావలసిన అర్హతలన్నీ ఆయనకు ఉన్నాయి. ఒక్కటే లోపం, ఒంటికి ఉన్ని పడదు. చిన్నప్పుడు మేనత్త అల్లిచ్చిన స్వెటరు తొడుక్కుని రోజంతా గోడకు వీపు రాసుకున్న మనిషాయన.

విమానంలో చిన్న పెట్టె ఒక్కటే పట్టుకెళ్లాలి. అక్కడి చలికి ఉతికిన బట్ట ఓ పట్టాన ఆరదట. కాబట్టి చొక్కా లోపల తొడుక్కునే చలిబనీను దురద పెట్టకూడదు, మార్చకుండా వేసుకున్నా వాసన రాకూడదు. దురద సంగతి ఒళ్లే చెబుతుంది. వాసన సంగతి? ఎవరి వాసన వాళ్లకు తెలియదు కదా. దానికేముంది, ఆఫీసు నిండా సిబ్బంది ఉన్నారు, అందులోనూ కొలవడమే బతుకుదెరువుగా ఉన్నవాళ్లు, అడిగితే చెప్పరా అనుకున్నారాయన. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లకు ఇలాంటి అమాయకత్వం భలే అందాన్నిస్తుంది.

నడివేసవిలో పరీక్షలు మొదలయ్యాయి. మొదటిది ముతక ఉన్ని బనీను. సమీక్షా సమావేశంలో డైరెక్టరుగారు వీపు గోక్కున్నారు. పెద్దాయన ఒక్కరే గోక్కుంటుంటే చేతులు కట్టుకుని చూడటం సభామర్యాద కాదని డిప్యూటీ కూడా గోక్కున్నాడు. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్లందరూ గోక్కుంటున్నారు. వారిలో ఒకాయన ప్రభుత్వ ముద్ర ఉన్న స్కేలుతో గోక్కుని పైవాళ్ల దృష్టిలో పడ్డాడు. ఆ బనీను ఆ సాయంత్రమే మూలపడింది.

రెండోదాన్ని డిప్యూటీ స్వయంగా తెచ్చాడు. డిప్యూటీ తోడల్లుడికి బట్టల కొట్టు ఉండటం కేవలం యాదృచ్ఛికం. నైలాను పోగుతో నేసిన నున్నటి బనీను. తొడుక్కుంటే చేప ఒంటిలా జారింది, దురద జాడే లేదు. డైరెక్టరుగారు దాన్ని ఉతక్కుండా వరసగా వేసుకోసాగారు.

దాంతో శాఖ పనితీరు ఎవరూ ఊహించనంతగా మెరుగుపడింది. గంటల తరబడి చదివే నివేదికలను డిప్యూటీ ఊపిరి బిగబట్టి ఒక్క దమ్ములో ముగిస్తున్నాడు. నెలల తరబడి తిరిగిన అర్జీదారులు గుమ్మంలోంచే దండం పెట్టి వెళ్లిపోతున్నారు. వెలుతురు చాలడం లేదని టైపిస్టు తన బల్లను వరండాలోకి జరుపుకుంది.

ఒకరోజు డైరెక్టరుగారు డిప్యూటీని దగ్గరికి పిలిచారు.

"ఏమయ్యా, నా దగ్గర ఏమైనా వాసనొస్తోందా?"

"వాసనా? ఎక్కడ సార్?" డిప్యూటీ కిటికీ వైపు, బీరువా వైపు, చివరికి పంకా వైపు కూడా చూశాడు. "మీ పక్కన నిలబడితే పూలతోటలో ఉన్నట్టుంటుంది సార్."

"నిజం చెప్పవయ్యా. నేనేమీ అనుకోను."

"నిజమే సార్," అంటుండగా డిప్యూటీ కళ్లవెంట నీళ్లు కారాయి. ఎంత అభిమానం అనుకున్నారు డైరెక్టరుగారు. అయినా మనసులో ఏదో పీకుతూనే ఉంది. ఇంటికెళ్లి భార్యనడిగారు.

"పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పాను," అందావిడ కూర తరుగుతూనే. "మూడ్రోజులు అన్నం మానేసి కూర్చున్నారు. మళ్లీ బతిమాలే ఓపిక నాకు లేదు. మీ ఆఫీసువాళ్లు ఏమంటున్నారు?"

"పూలతోట అంటున్నారు."

"అలాగే కానివ్వండి."

ముక్కూమొహం తెలియనివాళ్లే నిజం చెబుతారని మర్నాడు ఆయన కారు మానేసి కిక్కిరిసిన సిటీబస్సెక్కారు. రెండు స్టాపులు దాటకముందే చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆయనకు చోటిచ్చారు. ఒక సీటు కాదు, ఒక వరసంతా ఇచ్చారు. లోకంలో పెద్దలంటే గౌరవం ఇంకా చావలేదని పొంగిపోయి, ఆ బనీనే ఖాయం చేసి ఆయన విమానమెక్కారు.

చలిదేశంలో కిటికీలు తెరవరు. సదస్సు మొదలైన రెండో రోజుకే ఆయన కుర్చీకి అటూ ఇటూ ఉన్న దేశాలు వెనక వరసకు తరలిపోయాయి. ఆ సాయంత్రం హోటల్లో బట్టలుతికే గది చూసుకునే ఆవిడ ఆయన్ని చూసి ముక్కు మూసుకుంది. ఆవిడకు ఆయన డైరెక్టరని తెలియదు, తెలిసినా ఆవిడ ప్రమోషను ఆయన చేతిలో లేదు.

"మీ లోపలి బనీను కంపు కొడుతోంది. విప్పి ఇటివ్వండి," అంది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మనిషి ఆయనతో మాట్లాడింది.

"మీకు పుణ్యముంటుంది తల్లీ," అన్నారు, తనకు వచ్చీరాని ఆ దేశభాషలోనే. "మరి ఏది వేసుకోను? ఉన్ని నాకు పడదు."

"ముతక పోగైతే గుచ్చుకుంటుంది. సన్న పోగు ఉన్ని తీసుకోండి, గుచ్చుకోదు. చెమట పట్టినా తొందరగా కంపు కొట్టదు. రాత్రి విప్పి గాలికి ఆరేస్తే చాలు," అని తన చొక్కా చెయ్యి కాస్త పైకి లాగి, లోపల వేసుకున్నది చూపించింది.

పక్కవీధిలో కొన్నారు. దురద లేదు. చివరి రోజుకు వెనక్కి వెళ్లిన దేశాలు మళ్లీ ముందుకొచ్చి కరచాలనం చేశాయి. డైరెక్టరుగారు కొత్త మనిషై తిరిగొచ్చారు.

స్వాగతసభలో ఆయన ఉద్వేగంగా ప్రసంగించారు. "సోదర ఉద్యోగులారా! తప్పుడు త్రాసు కంటే తప్పుడు పొగడ్త ప్రమాదకరం. నేటి నుంచి ఈ శాఖలో నిజమే కొలమానం. మీరు నిర్భయంగా మాట్లాడాలి. ఈ బనీను నేను వారం నుంచీ వేసుకుంటున్నాను. దగ్గరికొచ్చి చూసి చెప్పండి, వాసన వస్తోందా?"

డిప్యూటీ వేదికెక్కి, భుజం దగ్గర వంగి, గాఢంగా పీల్చాడు. ఏ వాసనా తగల్లేదు. ఆశ్చర్యపోయి ఇంకోసారి పీల్చాడు.

"లేదు సార్. పూలతోటే సార్."

ఇన్‌స్పెక్టర్లు వరసగా వచ్చి అదే చెప్పారు. టైపిస్టు వచ్చి అదే చెప్పింది. శాఖ చరిత్రలో సిబ్బంది అంతా కలిసి నిజం చెప్పింది ఆ రోజే. డైరెక్టరుగారు వాళ్ల ముఖాల్లోకి మార్చి మార్చి చూశారు. అవే ముఖాలు, అదే గొంతు, అదే పూలతోట. అప్పటి మాటకూ ఇప్పటి మాటకూ మధ్య వెంట్రుకవాసి తేడా కోసం వెతికారు, దొరకలేదు. మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. అది వినయమనుకుని సభ చప్పట్లతో మారుమోగింది.

పాపం డైరెక్టరుగారు అని మీరు నవ్వుకుంటున్నారు, మంచిదే. నిన్న మీ పై అధికారి చెప్పిన జోకుకు ఎంతసేపు నవ్వారో, అది కూడా ఇదే నవ్వో కాదో, తీరిక చూసుకుని ఒకసారి కొలుచుకోండి.