అటక మీది ధరలు

పత్తి రైతుల సంఘం కార్యదర్శి ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం మీటింగుకి దళారి వస్తున్నాడు, గోదాములోని పత్తినంతా ఇవాళ్టి ధరకే ఊడ్చుకుపోదామని. ఆగితే లాభమా, నష్టమా? పదేళ్ళ ఫ్యూచర్స్ ధరలు, అంటే మూడు నెలల తర్వాత ఇచ్చే సరుక్కి ముందే కుదిరిన బేరాలు, చూస్తే తెలుస్తుంది. ఆ అంకెలమ్మే కంపెనీ అడిగిన చందా గోదాము ఏడాది అద్దెకన్నా ఎక్కువ. పత్తి మనది, చెమట మనది, ధర తెలుసుకోవాలంటే మాత్రం వాడికి కప్పం కట్టాలి! కట్టడు. అవే ధరలు రోజూ పేపర్లో పడతాయి. పదేళ్ళ పేపర్లు అటక మీదున్నాయి.

నిచ్చెన ఎక్కాడు. అటక ఖాళీ.

"పేపర్లేవీ?"

"ఇప్పుడే అమ్మేశాను," అంది భార్య. "పదేళ్ళ నుంచి దుమ్ము దులపమంటే దులిపారా?"

చెప్పుల్లేకుండా పరిగెత్తి, సందు చివర పాత పేపర్లాయన బండి పట్టుకున్నాడు.

"పదికేగా కొన్నావు. కిలోకి ఇరవై ఇస్తా, తిరిగిచ్చెయ్."

బండాయన తక్కెడ కింద పెట్టాడు. "ఇరవయ్యా? ఎందుకండీ?"

"నీకెందుకు? ఇరవై రెండు."

"ఇంత ఆత్రపడుతున్నారంటే ఇందులో ఏదో ఉంది. ఇవ్వనండి. సాయంత్రానికి ఇంకా పెరుగుతుందేమో."

ఈ మాట దర్జీ చెవిన పడింది. దర్జీ చెవిన పడ్డాక ఇక దండోరా దండగ. మధ్యాహ్నానికల్లా పెట్టెల అడుగున పరిచిన పేపర్లు కూడా పీకి, మడతలు సాపు చేసి, బీరువాల్లో పెట్టి తాళాలేశారు. మూడింటికి దర్జీ, వచ్చే నెల పేపర్లకి ఇప్పుడే పాతిక చొప్పున బేరాలు మొదలెట్టాడు. ఫ్యూచర్స్ ధరలు వెతకబోయిన పెద్దమనిషి వీధిలో మార్కెట్టే తెరిచిపెట్టాడు.

సాయంత్రం వట్టి చేతులతో మీటింగుకి వెళ్ళాడు. వెనకే బండాయన, బండితో సహా.

"కార్యదర్శిగారూ, ముప్పై అయితే ఇస్తానండి."

ఆయన జేబు తడుముకునేలోపే దళారి లేచాడు. ఆ పేపర్లలో ఏముందో వాడికి బాగా తెలుసు.

"ముప్పై నేనిస్తా. మొత్తం." డబ్బు చేతిలో పెట్టి, బండిని తనింటికి తోలించి, తీరిగ్గా నవ్వాడు. "ఇక చూసుకోడానికేం లేదుగా. తూకం వేయిద్దామా?"

వెనక వరసలోంచి నాలుగెకరాల పెద్దమ్మ లేచింది.

"ఆగు నాయనా. పొద్దున పదికి పోయిన చిత్తు కాగితం, ఆగేసరికి ముప్పై అయింది. దానికున్నపాటి ఓపిక నా పత్తికి ఉండకూడదా?"

"ఆగితే ప్రతిసారీ పెరుగుతుందా పెద్దమ్మా?"

"పెరుగుతుందో లేదో చూశాకే అమ్ముతాం. నీ బండిలోనే ఉన్నాయా పేపర్లు? పొద్దుట్నుంచీ మా ఇళ్ళల్లోవి బీరువాల్లో పెట్టి తాళమేసుకుని కూచున్నాం."

నిజమే. పుకారు పుణ్యమా అని ఇళ్ళల్లోని ఒక్క కాగితం కూడా వీధి దాటలేదు. అరగంటలో అందరూ నెత్తిన కట్టలతో దిగారు. ధరల పేజీలు నేలమీద ఏడాది పక్కన ఏడాది పరిచారు. పదేళ్ళలో ఏడుసార్లు, మూడు నెలలు ఆగినవాడే బాగుపడ్డాడు. ఆ పొద్దుటి పేపర్లో కూడా, మూడు నెలల తర్వాతి బేరం దళారి ధరకన్నా పైనే ఉంది.

పత్తి గోదాములోంచి కదల్లేదు.

మర్నాటికి పాత పేపర్లు మళ్ళీ కిలో పదికి పడ్డాయి. ముప్పైకి కొన్నవాడు ఊరంతటికీ ఒక్కడే.