యాంటెన్నాకు వెండిపూత

మదరాసు జార్జి టౌన్ పప్పుధాన్యాల వర్తక మిత్ర సమాజం వారి కార్యవర్గం, ఏడవ అంశంగా, సమాజ భవనం మిద్దె మీద డూప్లెక్స్ ఒకటి ఏర్పాటు చేయడానికి ఏకగ్రీవంగా ఆమోదం తెలిపిందని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. అప్పటికే ముగ్గురు సభ్యులు పై అంతస్తు తమకే బాడుగకు కావాలని అర్జీలు పెట్టుకున్నారు. నాలుగో ఆయన మెట్లు ఏ మూలన రావాలో వాస్తు ప్రకారం బొమ్మ గీసి తెచ్చారు.

నిజానికి కన్యకమ్మ అడిగింది డూప్లెక్సర్. ఆవిడ టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి. మా సమాజంలో హామ్ రేడియో, అంటే సొంత రేడియోలో ఊళ్ళవాళ్ళతో మాట్లాడే, లైసెన్సు ఉన్నది ఆవిడకొక్కదానికే. డూప్లెక్సర్ అంటే ఇల్లు కాదు, నాలుగు లోహపు డబ్బాల వరస. ఒకే యాంటెన్నాతో ఒకే సమయంలో వినడానికీ, మాట్లాడడానికీ అది వీలు కల్పిస్తుంది. ఆ రెండు పనులూ ఒకేసారి సాధ్యమని మా కార్యవర్గం నమ్మలేకపోయింది. మాకు రెండోదే అలవాటు.

"ఎన్ని బెడ్రూములమ్మా?" అని అడిగారు అధ్యక్షులు వరదరాజులు గారు.

"బెడ్రూము లేదు వరదన్నా. నాలుగు డబ్బాలు, అంతే."

"డబ్బాల్లో కాపురమా? సరి, చిన్న కుటుంబానికి చాల్లే."

కన్యకమ్మ ఓపికగా మళ్ళీ మొదలుపెట్టారు. చేతిలో పట్టుకునే చిన్న రేడియోలు ఎక్కువ దూరం పలకవు, మేడలు అడ్డం వస్తాయి. ఎత్తైన చోట ఒక రిపీటర్ పెడితే అది దూరాన్నుంచి వచ్చిన బలహీనమైన మాటను విని, అదే మాటను గట్టిగా మళ్ళీ చెబుతుంది. ఫోన్లు చచ్చినా అది బతికుంటుంది. ఒకరు చెప్పిందే మళ్ళీ గట్టిగా చెప్పడానికి ప్రత్యేకంగా యంత్రం ఎందుకో మాకు అర్థం కాలేదు. మా సభల్లో ప్రతి వక్తా రిపీటరే.

అయినా ఒప్పుకున్నాం. ఎందుకంటే కన్యకమ్మకు తిరువొత్తియూరులో, సముద్రం పక్క వీధిలో, అమ్మణి అని అక్కగారు ఉన్నారు. డెబ్బై నాలుగేళ్లు, ఊపిరితిత్తుల జబ్బు, రాత్రింబగళ్లు ఆక్సిజన్ యంత్రం. కరెంటు పోతే సిలిండర్. పోయిన ఏడాది తుపానుకు కరెంటూ ఫోన్లూ మూడు రోజులు పోయినప్పుడు, అక్క ఉందో లేదో తెలియకుండా కన్యకమ్మ మూడు రోజులూ సమాజం అరుగు మీదే కూర్చున్నారు. ఆ తరువాత అక్కగారి పక్కింట్లో ఉండే సెలీనా టీచరుకు దగ్గరుండి పాఠాలు చెప్పి, పరీక్ష రాయించి, లైసెన్సు ఇప్పించి, చేతి రేడియో కొనిచ్చారు. ఇక మధ్యలో మా మిద్దె ఒకటే తక్కువ.

ఢిల్లీ నుంచి రిపీటర్ అనుమతి పద్నాలుగు నెలల్లో వచ్చేసింది. మా కార్యవర్గం కంటే ఢిల్లీ ఇంత చురుకని మేమెవరం అనుకోలేదు.

తరువాత యాంటెన్నా ఎంపిక. యాంటెన్నాలో సగం 'ఎన్నా?', అంటే 'ఏమిటి?' అనే అరవ ప్రశ్నే గనుక ప్రశ్నలు చాలా వచ్చాయి. వెల పట్టికలో ప్రతిదాని పక్కనా 'గెయిన్' ఇంత అని రాసి ఉండడం చూసి వర్తక శ్రేష్ఠుల కళ్ళు మెరిశాయి. గెయిన్ అన్నిటికంటే ఎక్కువున్నదే కావాలన్నారు.

"గెయిన్ అంటే లాభం కాదన్నా. ఆకాశానికి పోయే బలాన్ని లాగి పక్కలకు పంచేది. మరీ ఎక్కువుంటే దూరంగా ఉండేవాళ్ళకు బాగుంటాది, కిందనే ఉండే మన వీధికి వినబడదు," అన్నారు కన్యకమ్మ.

"మన వీధికి వినబడకపోతే ఇంకా లాభమే కదమ్మా," అన్నారు అధ్యక్షులు.

చివరికి మధ్యరకం యాంటెన్నా ఖాయమైంది. పద్దెనిమిది అడుగుల తెల్లటి ఫైబర్ గొట్టం, లోపల రాగి తీగలు, ఉప్పుగాలికి తుప్పు పట్టనిది. దాన్ని వరదరాజులు గారు ఉభయంగా ఇచ్చారు. ఉభయమంటే ఏమిటో మదరాసులో పుట్టినవారికి చెప్పనక్కర్లేదు. తక్కినవారికి మా సమాజం హాలు చూస్తే చాలు. ట్యూబ్‌లైటు మీద ఈ చివర నుంచి ఆ చివరకు దాత పేరు, ఆయన తండ్రి పేరు, తాత పేరు నల్ల రంగుతో ఉంటాయి. వంశం పెద్దది కావడం వల్ల వెలుతురు కొంచెం తక్కువ. ఫ్యాను రెక్కల మీద ఉపాధ్యక్షులు వెంకట్రామ్ గారి పేరుంటుంది. తిరిగితే చదవడం కష్టమని, ఆయన సభకు వచ్చినప్పుడు ఫ్యాను ఆపుతాం. చెమట తుడుచుకుంటూ పేరు చదువుతాం.

అదే పద్ధతిలో కేబుల్‌కు ఒక దాత, బ్యాటరీకి ఒక దాత, పిడుగు నుంచి కాపాడే తీగకు ఒక దాత దొరికారు. కబుర్లు మోసే కేబుల్ మీద అడుగడుక్కీ పేరు రాశారు. పిడుగు తీగ దాత మాత్రం, పడేదేదో తన పేరు మీదే పడుతుందని కొంచెం వెనకాడారు.

జూలైలో యాంటెన్నా నిలబడింది. మొదటి రోజే సెలీనా టీచరు గొంతు తిరువొత్తియూరు నుంచి గంట కొట్టినట్టు వినిపించింది. కన్యకమ్మ మీటరు పెట్టి చూశారు. పంపిన బలంలో ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే మీటరు అది. ఒకటి దగ్గరుంటే క్షేమం. ఒకటీ పాయింటు రెండు వచ్చింది. ఆవిడ మొదటిసారి నవ్వడం మేం చూశాం.

లోపమల్లా ఒకటే. యాంటెన్నా మీద నల్లక్షరాలతో రాసిన అధ్యక్షుల పేరు బీచ్ రైల్వే స్టేషన్ నుంచి కనబడటం లేదు.

అక్టోబరులో ప్రారంభోత్సవం పెట్టుకున్నాం. దానికి ముందు వారం కన్యకమ్మ అక్కగారింటికి వెళ్ళారు. ఆ అదను చూసి, అంటే ఆ శుభ సమయంలో, పెయింటరు మునిరాజును పిలిపించి యాంటెన్నా నిలువెల్లా వెండి రంగు వేయించి, దాని మీద ఎర్రక్షరాలు రాయించాం. ప్రచార కార్యదర్శిగా ఆ అక్షరాల సైజు నిర్ణయించిన భాగ్యం నాది.

"సార్, ఇది గేట్లకేసే అల్యూమినియం పెయింటు. దీనికెందుకు సార్?" అన్నాడు మునిరాజు.

"గేటంటే గౌరవమప్పా. వెయ్యి," అన్నారు అధ్యక్షులు.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. ఏడుగురు మాట్లాడారు. "ఈ స్తంభం నుంచి మన సమాజపు మాట దశదిశలా వ్యాపించుగాక!" అని అధ్యక్షులు గంభీరంగా పలికారు. స్తంభం మెరిసింది, మాట స్తంభించింది. తిరువొత్తియూరు పోయింది. రాయపురం పోయింది. ఆఖరుకు మా వీధి చివర కాఫీ హోటలు దాటి ఏదీ వినిపించలేదు. మీటరు ఒకటీ పాయింటు రెండు నుంచి నాలుగుకు చేరింది. కోశాధికారి గారు దీన్ని మూడింతలకు పైగా అభివృద్ధిగా నివేదికలో చేర్చారు.

కన్యకమ్మ తిరిగి వచ్చి, మిద్దెక్కి, వెండి రంగును గోటితో గీకి చూసి, కిందికి దిగి వచ్చారు.

"ఈ రంగులో ఉండేది లోహపు పొడి వరదన్నా. లోపల తీగలు మాట్లాడతాండాయి, మీరు వాటికి రేకు చొక్కా తొడిగినారు. మాట బయటికెట్లా పోతాది?"

"చొక్కా బాగుంది కదమ్మా."

"గీకించేయండి. తుపాను సీజను."

అధ్యక్షులు వెంటనే స్పందించి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం మూడు సూచనలు చేసింది. ఒకటి, యాంటెన్నాకు దిష్టి తీయడం. రెండు, గెయిన్ ఇంకా ఎక్కువున్న రెండో యాంటెన్నా కొని దానికీ వెండి రంగు వేయడం. మూడు, తిరువొత్తియూరు వారిని కొంచెం గట్టిగా మాట్లాడమనడం. కార్యవర్గం అనుమతి లేకుండా మా మిద్దె మీద మేకు కూడా కొట్టరాదని నియమావళి పద్దెనిమిదో నిబంధన. కన్యకమ్మ వారానికి రెండు అర్జీల చొప్పున ఎనిమిది అర్జీలు పెట్టారు. ఎనిమిదింటికీ వందనాలు తెలుపుతూ జవాబులిచ్చాం. ఉభయం ఉభయభ్రష్టమైందని ఆవిడ ఒక అర్జీలో రాశారు. భాష బాగుందని మెచ్చుకున్నాం.

నవంబరు చివర తుపాను వచ్చింది. అది ఉపసంఘం నివేదిక కోసం ఆగలేదు. తెల్లవారేసరికి ఉత్తర మదరాసంతా కరెంటు లేదు, తొమ్మిదింటికి ఫోన్లు పోయాయి. మా రిపీటర్ మాత్రం బ్యాటరీ మీద నిక్షేపంగా పనిచేస్తూ, కాఫీ హోటలు దాకా నిశ్శబ్దాన్ని ప్రసారం చేస్తోంది.

ఆ ఉదయం మేం హాల్లో కూర్చుని, తుపాను సహాయ కార్యక్రమాల బ్యానరు మీద ఎవరి ఫోటో ముందుండాలో చర్చిస్తున్నాం. బ్యానరు రాయడానికి మునిరాజూ వచ్చి ఉన్నాడు. తడిసిన చీరతో కన్యకమ్మ లోపలికి వచ్చారు.

"అక్క దగ్గరుండేది ఒకటే సిలిండర్. తెల్లారి నుంచి దాని మీదనే ఉంటాది. ఎంత మిగిలిందో సెలీనా చెప్పాల. నాకు వినబడటం లేదు. గీకేదానికి ఒప్పుకుంటారా లేదా?"

"ప్రారంభమై నలభై రోజులు కాలేదమ్మా. పేరు గీకడమంటే..." వరదరాజులు గారు మిద్దె వైపు వేలు చూపించారు. "మా నాయన పేరు కూడా ఉండాది దాంట్లో."

కన్యకమ్మ చుట్టూ చూశారు. హాలు కిటికీకి, వెంకట్రామ్ గారు ఉభయమిచ్చిన పరదా వేలాడే అల్యూమినియం కడ్డీ ఉంది. ఆవిడ స్టూలెక్కి దాన్ని ఊడదీశారు. పేరున్న పరదా కింద పడింది. కడ్డీ మీద పేరు లేదు. అంత సన్నటి దాని మీద రాయడానికి చోటు లేదు.

"మునిరాజూ, రంపం తీస్కోని రాప్పా. అర మీటరు లెక్కన ఐదు ముక్కలు."

గాలి కాసేపు తెరిపి ఇచ్చింది. ఒక ముక్క నిటారుగా, నాలుగు ముక్కలు కింద గొడుగు ఊచల్లా వాల్చి, వెదురు గడకు కట్టి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబెట్టారు. వెండి స్తంభం నుంచి కేబుల్ ఊడదీసి దీనికి తగిలించారు. నియమావళిలో పద్దెనిమిదో నిబంధన ఉల్లంఘన జరుగుతుండగా కార్యవర్గం యావత్తూ గొడుగులు పట్టుకుని చూసింది. మీటరు ఒకటిన్నర చూపించింది. కోశాధికారి గారు పతనమైపోయిందని బాధపడ్డారు.

అప్పుడు రేడియో గరగరలాడింది. సెలీనా టీచరు గొంతు. అరవంలో ఆవిడ అన్నదానికి తెలుగు ఇది:

"కన్యకాంటీ! వినబడుతోందా? ఉదయం నుంచి పిలుస్తున్నాను. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. ఇంకో గంటన్నర వస్తుంది, అంతే. అమ్మణి అవ్వ తెలివిలోనే ఉన్నారు. మిమ్మల్ని తిడుతున్నారు."

"తిట్టనీ, తిట్టనీ," అన్నారు కన్యకమ్మ.

ఇక్కడ అధ్యక్షుల వారి ఔదార్యాన్ని పొగడకుండా ఉండలేను. అంత నీటిలో పోగలిగిన టెంపో ఆయన గోదాములోనే ఉంది. సిలిండర్ పక్క వీధిలో దొరికింది. పది నిమిషాల్లో రెండూ సిద్ధం.

"ఒక్క నిమిషం. పేరు రాయకుండా ఎట్లా పంపేది?" అన్నారు ఆయన.

"దోవలో రాసుకోండన్నా!" అని కన్యకమ్మ అరిచిన అరుపుకు రేడియో అవసరం లేకుండా తిరువొత్తియూరు దాకా వినబడి ఉంటుంది.

కాబట్టి మునిరాజు బ్రష్షూ డబ్బాతో టెంపో వెనకెక్కాడు. కుదుపుల్లో, వానలో, 'వరదరాజులు ఉభయం' అని రాయాలి. కింద 'ఉభయం' ముందే రాసుకుని, పైన పేరు మొదలుపెట్టి, తండయార్‌పేట నీళ్ళలో టెంపో ఒరిగేసరికి 'వరద' దాకా వచ్చి డబ్బా ఒలకబోసుకున్నాడు. అలా ఆ సిలిండర్ 'వరద ఉభయం' అనే అక్షరాలతో, ఇరవై నిమిషాలు మిగిలుండగా, అమ్మణి గారి గుమ్మం చేరింది. చుట్టూ నడుంలోతు నీళ్ళుండటంతో అక్షరాలు తప్పని ఎవరికీ తోచలేదు.

సాయంత్రం అమ్మణి గారే రేడియోలో మాట్లాడారు. "ఎవురే ఈ వరద? ఊపిరి పీల్చినప్పుడంతా ఎదురుగా కనబడతాండాడు."

నీళ్ళు తీశాక సర్వసభ్య సమావేశం జరిగింది. కన్యకమ్మ నల్లబల్ల మీద బొమ్మలు గీసి అందరికీ అన్నీ వివరించారు. డూప్లెక్సర్ ఇల్లు కాదు. గెయిన్ లాభం కాదు. మీటరు పెరగడం అభివృద్ధి కాదు. వెండి రంగు లోహం, లోహం మాటను మింగుతుంది. అందరం తలలూపాం. బాడుగకు అర్జీ పెట్టిన ముగ్గురూ అర్జీలు వెనక్కి తీసుకున్నారు. వరదరాజులు గారు లేచి, కన్నీళ్ళతో, రిపీటర్ యాంటెన్నా మీద ఇకపై ఎవరి పేరూ రాయరాదని తానే తీర్మానం ప్రతిపాదించారు. చప్పట్లు మోగాయి.

ఆ తీర్మానం ఇప్పుడు మా మిద్దె మీద, పరదా కడ్డీ యాంటెన్నాకు ఉత్తరంగా, అంటే సరిగ్గా తిరువొత్తియూరు వైపున, ఆరడుగుల ఇనుప రేకు మీద నిలిచి ఉంది: 'ఈ యాంటెన్నాపై ఎవరి పేరూ రాయరాదు. ఇట్లు, ఈ బోర్డు ఉభయదారు వరదరాజులు, తండ్రి పేరు, తాత పేరు.'

కన్యకమ్మ దాన్ని చూసి అర్జీ పెట్టలేదు. ఇంకో పొడుగాటి వెదురు తెచ్చి యాంటెన్నాను బోర్డు కంటే నాలుగడుగులు పైకి ఎత్తించారు. బోర్డు చిన్నదిగా కనబడుతోందని అధ్యక్షులు దాన్ని పెద్దది చేయించారు. ఆవిడ వెదురు పెంచారు. ఈ పోటీ పుణ్యమా అని మా రిపీటర్ ఇప్పుడు మైలాపూరు దాకా పలుకుతోంది.

నవ్వుతున్నారు కదూ? నవ్వండి. పోయిన నెల పెళ్ళిలో, కల్యాణ మండపంలో, తిరుగుతున్న ఫ్యానును ఒక్క క్షణం ఆపమన్నది మీలో ఎవరో, ఆ రెక్కల మీద ఎవరి పేరుందో, నేనెవరికీ చెప్పనులెండి. ఉక్కపోతతో చచ్చిన మూడు వందల మందికీ అప్పుడే తెలిసిపోయింది.